పైకొచ్చిన చేపలు

“ఆల్గే పోనాది నిసారన్నా! మొత్తం పోనాది! తెల్లారి లేసి సూసేసరికి లేదు!”

దేవి చెరువు గట్టు మీద నిలబడి ఫోన్లో అరిచిన ఆ మాట, గదిలో ఉల్లిపాయలు కోస్తున్న పోతమ్మ చెవిలోకి వేరే వేషం వేసుకుని దూరింది. రేవులో ఐసు మిల్లు హోరుకి సగం దిమ్మెక్కిన చెవి అది. ‘ఆల్గే పోనాది’ కాస్తా ‘అలిగి పోనాడు’ అయి కూర్చుంది.

అందులో ఆవిడ తప్పు పెద్దగా లేదు. అలిగినవాడు ఇంట్లో నిజంగానే ఉన్నాడు. పోయిన ఆదివారం చేపల కూర దగ్గర మూతి బిగించుకున్నవాడు, మళ్ళీ ఆ మూతి అన్నానికి తప్ప మాటకి తెరవలేదు.

“ఓలమ్మో! నా కొడుకు పోనాడర్రా! నా ఎల్లిగాడు మమ్మల్నొగ్గేసి పోనాడర్రా!”

కత్తిపీట తన్నేసి, ఉల్లిపాయ కన్నీళ్ళూ కన్నతల్లి కన్నీళ్ళూ కలగలిపి తుడుచుకుంటూ పోతమ్మ గట్టెక్కింది. పొద్దుటి నడకకి వచ్చిన సీవ్యూ కాలనీ జనం నడక ఆపేశారు. పెందుర్తిలో సీ ఎక్కడుందని అడక్కండి. బోర్డు మీద ఉంది. వ్యూ మాత్రం ఈ చెరువుది.

“ఎల్లారావు పోయాడా?” అసోసియేషన్ ప్రెసిడెంటు దేవీప్రసాద్ గారు టోపీ తీసేశారు. “నిన్న సాయంత్రం కూడా నమస్కారం పెట్టాడే! ఏమైంది, గుండేనా?”

పోయిన ఎల్లారావు, మోటారు షెడ్డు వెనక కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

తల్లి కేక వినగానే బ్రష్షు నోట్లోనే ఆగిపోయింది. లేచి ‘ఇక్కడున్నానే అమ్మా’ అనాలి. అనలేదు. ఈ చెరువుకి కాపురం మారినప్పటినుంచీ తల్లి నోట ‘నిసార్ బాబు’ తప్ప మరో పేరు విని ఎరగడు. అలాంటిది ఇవాళ కాలనీ అంతా అదిరేలా తన పేరు పెట్టి ఏడుస్తోంది. పేస్టు నురగ కూడా పంచదార పాకంలా ఉంది. ఇంకాస్త ఏడవనిద్దాం అనుకున్నాడు ఆ సుపుత్రుడు.

కానీ దేవీప్రసాద్ గారు ‘రెండు నిమిషాల మౌనం’ అనేసరికి భయపడి బయటికొచ్చాడు. నోటినిండా నురగతో వచ్చిన శవాన్ని చూసి ఒకావిడ కెవ్వుమంది.

“అలగడం కాదత్తా! ఆల్గే! నాసు! సెరువులో నాసు పోనాదని నిసారన్నకి సెప్తన్నాను!” దేవి ఫోను ఊపుతూ పరిగెత్తుకొచ్చింది.

అప్పుడు అందరూ చెరువు వైపు తిరిగారు.

నిన్నమొన్నటిదాకా పచ్చ దుప్పటి ముసుగుతన్ని పడుకున్న చెరువు. రెండు మూడు రోజులుగా ఆ దుప్పటికి చిల్లులు పడుతూ వచ్చి, ఇవాళ తెల్లారేసరికి మొత్తం జారిపోయింది. నీళ్ళలో సింహాచలం కొండ తలకిందులుగా కనిపిస్తోంది.

పోతమ్మ కళ్ళు తుడుచుకుంది. కొడుకు వైపు ఒక్క చూపు చూసింది, బతికే ఉన్నాడని రూఢి చేసుకోవడానికి. రెండో చూపు చెరువుకి వెళ్ళిపోయింది.

“సూసినారా! నిసార్ బాబు సెయ్యి పడితే అంతేనమ్మా!”

ఎల్లారావు నోట్లో పాకం వేపరసం అయిపోయింది. తుపుక్కున ఉమ్మేశాడు.

*

వేట నిషేధం పడి బోట్లన్నీ హార్బర్లో మూతులు కట్టేసుకున్న వేసవి ఇది. జాలారిపేట నుంచి తల్లినీ పెళ్ళాన్నీ, ఒక తెప్పనీ తెచ్చుకుని ఎల్లారావు ఈ గట్టు మీది గదిలో దిగాడు. ఒప్పందం తేలికే: చెరువు శుభ్రంగా ఉంచితే అందులో పెంచిన చేపలు అతనివి. సముద్రాన్నే ఏలినవాడికి చెరువొక లెక్కా అనుకున్నాడు. ఎండలు ముదిరేసరికి చెరువే ఇతన్ని లెక్క చెయ్యడం మానేసి పచ్చబడింది.

అప్పుడు పోతమ్మే వెళ్ళి హార్బరు పక్క పాతబస్తీ నుంచి నిసార్‌ని పిలుచుకొచ్చింది. అక్కడ అతనికి అలంకారపు చేపల దుకాణం. ఎల్లారావుకి చిన్ననాటి స్నేహితుడు. బావా అంటే బావా అనుకునే చనువు. వచ్చీ రాగానే కార్లు కడిగిన సబ్బునీళ్ళు చెరువులోకి రాకుండా కాలవ మళ్ళించాడు. పూజ పూలు నీళ్ళలో పడెయ్యకుండా గొయ్యి తవ్వించాడు. నీళ్ళ సీసాలు కట్టగా కట్టి, దాని మీద మెట్టతామర మొక్కలు నాటి చెరువులో తేలేశాడు. నాచుకి పెట్టే తిండి ఆపితే అదే చిక్కిపోతుందన్నాడు. మందు ఆఖరి మాట, అదీ మూలమూలకీ ఆగి ఆగి వెయ్యాలన్నాడు.

ఇదంతా బాగానే ఉంది. బాగుండనిది ఏమిటంటే, ఈ ఆదివారం మీటింగులో చెరువుని ఏడాది పొడుగునా ఎవరికప్పజెప్పాలో తేలుస్తారు. దేవీప్రసాద్ గారు ‘నిసార్ పేరు రాద్దాం, ఎల్లారావు కింద పనిచేస్తాడు’ అన్నారట.

అంతకంటే బాగుండనిది కోనాం చేప తలకాయ.

పోయిన ఆదివారం బంధువుల తెప్ప మీద (తెప్పలకి నిషేధం లేదు) పడిన కోనాం ఒకటి ఇంటికొచ్చింది. కోనాం తలకాయ ఎవరి పళ్ళెంలో పడాలో ఆ ఇంట్లో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. తండ్రి ఉన్నన్నాళ్ళూ తండ్రికి, తండ్రి పోయాక ఎల్లారావుకి. పోతమ్మ గరిటె ఎత్తింది. తలకాయ గాల్లో ఊగింది. ఎల్లారావు పళ్ళెం కాస్త ముందుకి జరిపాడు. తలకాయ అతని పళ్ళెం దాటి, నేరుగా వెళ్ళి నిసార్ పళ్ళెంలో దిగింది.

తలకాయ పోతే పోయింది. తల ఎక్కడ పెట్టుకోవాలి?

*

“నిసార్ కాదు,” అన్నాడు ఎల్లారావు గదిలోకొచ్చి. అలిగిన తర్వాత పెళ్ళాంతో మొదటి మాట. “నానేసినాను.”

దేవి పొయ్యి ముందు నుంచి లేవలేదు. “ఏటేసినావు?”

“మందు. మైలుతుత్తం.”

“అన్న సెప్పినట్టు తూర్పు మూల ఏసినావు. నానూ సూసినాను కదేటి. సంచి తెప్పకి కట్టి, నీళ్ళలో ఈడ్సుకుంటా.”

“మూల!” ఎల్లారావు నవ్వాడు. నవ్వంటే పెదాలు మాత్రమే. “మూలనేస్తే మూలన కూకుంటాది. తూర్పు మూలయినాక, నువ్వు నీళ్ళకెళ్ళినప్పుడు, మిగిలినదంతా సెరువు సుట్టూ తిప్పేసినాను. ఉన్నదంతా! నీ అన్న పిసినారి. పెద్ద సంచి తెచ్చానని సెప్పి సగం సంచి తెచ్చినాడు. ఆ సగంతోనే ఊడ్సేసినాను. ఆడైతే మూలమూలా అంటా ముసిలోడైపోయీవోడు.”

దేవి చేతిలో అట్లకాడ ఆగింది. ఏదో అనబోయింది. అనలేదు. పెనం మీద అట్టు మాడుతున్నా తిరగెయ్యలేదు.

“ఏటి, మాటాడవు?”

దేవి పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

“మీ అన్నకి సెప్తావేటి?”

దేవి అట్టు తీసి అతని ముందు పెట్టింది. నల్లగా ఉంది. ఎల్లారావు అదే తిన్నాడు. ఆ నల్లట్టులో ఏముందో అతనికి తెలియలేదు. తెలిసే రోజు దూరంగా లేదు.

*

దేవీప్రసాద్ గారికి మాత్రం ఎల్లారావు తనే స్వయంగా వెళ్ళి చెప్పుకున్నాడు, చేతులు కట్టుకుని, ఛాతీ విప్పుకుని.

“నువ్వేనా? మరి మీ అమ్మగారు నిసార్ అంటారే?”

“అమ్మకి సెవుడు సార్.”

“భేష్ ఎల్లారావ్! అయితే మీటింగులో నీ పేరే చెబుతాను.”

ఆ రోజు నుంచి ఎల్లారావు నడక మారింది. చెరువు చుట్టూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరేగేవాడు. ఎవరైనా ‘నీళ్ళు భలే తేటపడ్డాయి’ అంటే, అక్కడే ఆగి, ‘మరోసారి సెప్పండి సార్, ఇటేపు గాలి’ అనేవాడు.

నిసార్ దుకాణంలో సరుకు దిగుతోందని ఆ వారమంతా రాలేదు. ఫోను చేసి ‘చెల్లీ, ఒక మూలకే మొత్తం పోయిందా? వింతగా ఉందే’ అన్నాడట దేవితో. ఎల్లారావుకి ఆ ‘వింత’లో అసూయ వినిపించింది. అతని చెవులకి ఈ మధ్య అది తప్ప మరేదీ వినిపించడం లేదు.

“నీళ్ళు వాసనొస్తన్నాయి మావా,” అంది దేవి ఒక సాయంత్రం.

“సముద్రం రాదేటి వాసన? నీళ్ళన్నాక వస్తాది.”

“ఇది ఆ వాసన కాదు. కుళ్ళు వాసన.”

నిజమే. నీటి మీద కనిపించని నాచంతా చచ్చి అడుగుకి దిగింది. చెరువు అడుగున నాచు కుళ్ళుతోంది. గట్టు మీద ఎల్లారావు కుళ్ళుతున్నాడు. పైకి మాత్రం ఇద్దరూ తేటగానే ఉన్నారు.

*

ఆదివారం తెల్లారింది. మబ్బు పట్టి, ఆకు కదలకుండా, ఉక్క. కరెంటు పోయింది.

ముందు లేచింది పోతమ్మ. చెంబుతో చెరువు దగ్గరికెళ్ళి, అక్కడే నిలబడిపోయింది.

“ఒరే ఎల్లిగా! లెగరా! సేప పైకొచ్చినాదిరో!”

ఎల్లారావు పరిగెత్తాడు. దేవి వెనకాలే.

చెరువంతా చేపలే. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, నీటి మీద వేల నోళ్ళు. ఒకదాన్నొకటి తోసుకుంటూ, పైకి తేలి, నోళ్ళు తెరిచి మూస్తూ, చిటపట చప్పుడు చేస్తూ. సముద్రం మీద పుట్టి పెరిగిన వాడికి ఇలాంటి దృశ్యం కంటే పండగ లేదు. అక్కడ చేప మంద పైకి తేలి నీళ్ళు ఉడుకుతున్నట్టు కదిలిందంటే, గంగమ్మ తల్లి పళ్ళెంలో వడ్డించినట్టే. వల వెయ్యడమే తరువాయి.

పోతమ్మ కొబ్బరికాయ కొట్టింది. పసుపు నీళ్ళు చిలకరించింది. ఎల్లారావు రెండు చెంపలూ పట్టుకుని నుదురు ముద్దాడింది.

“నా కొడుకురా నువ్వు! మీ అయ్యకి కూడా ఇలగ లెగలేదు సేప. నిన్న పేట నుంచి ఐసులో కోనాం వచ్చినాది. ఇయ్యాల తలకాయ నీదే!”

తలకాయ! ఎల్లారావు కళ్ళు తడిశాయి. మీటింగుకని ముందుగానే చేరుతున్న కాలనీ జనం గట్టు పొడుగునా నిలబడి ఫోటోలు తీస్తున్నారు. దేవీప్రసాద్ గారు చప్పట్లు కొట్టారు. ఇంత వైభవంలో ఒకటే లోటు. చూడవలసినవాడు చూడ్డంలేదు.

ఎల్లారావు ఫోను తీశాడు. స్పీకరు పెట్టాడు. నిసార్ గొంతు కుంగిపోవడం తల్లి కూడా వినాలి కదా.

“బావా! సెరువుకాడి నుంచి మాట్లాడతన్నాను. అందరూ ఇంటన్నారు. సేపలు పైకొచ్చీసినాయి బావా!”

“పైకొచ్చాయా? అన్నీనా?”

“ఒకటా రెండా! అన్నీ!”

“నోళ్ళెలా ఉన్నాయి?”

“తెరుసుకున్నాయి. నవ్వుతన్నట్టు.”

 అవతల గ్లాసు టక్కున పెట్టిన చప్పుడు వినబడింది.

“బావా, నిజం చెప్పు. మందు ఒక మూలే వేశావా? మొత్తం వేసేశావా?”

 చేపల నోళ్ళ చప్పుడొక్కటే. ఎల్లారావు స్పీకరు ఆపుదామని చూశాడు. వేలు తప్పి, శబ్దం ఇంకా పెరిగింది.

“మొత్తం వేసేశావు కదూ! యా అల్లా! అవి నవ్వడం లేదు బావా, ఊపిరాడక ఎగబీలుస్తున్నాయి! చచ్చిన నాచు అడుగున కుళ్ళి, నీళ్ళలో గాలంతా తాగేసింది. మూల మూలకీ ఆగమన్నది అందుకే! నీళ్ళు కొట్టండి, ఎగజల్లండి, మోటారు వెయ్యండి! ఆపొద్దు! నేను బయల్దేరిపోతున్నాను!”

పోతమ్మకి ఈసారి ఒక్క అక్షరం తప్పకుండా వినిపించింది. చేతిలో కొబ్బరి చిప్ప జారి నీళ్ళలో పడింది.

“ఒరే,” అంది. అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

*

“మోటారు ఎలా వేస్తాం? కరెంటేది?” దేవీప్రసాద్ గారు అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నారు. “స్టీల్ ప్లాంటులో రిటైరైనవాణ్ణి, కొలిమికి గాలి ఊదడం ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. నిలబడి ఫోటోలు తీసేవాళ్ళంతా బకెట్లు తెండి! ముంచి, ఎత్తు నుంచి పొయ్యండి!”

ఎల్లారావు మాత్రం కదలలేదు. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ నీటికి ఊపిరి కావాలన్న సంగతే తెలియదు. అక్కడ అలలున్నాయి, ఆటుపోట్లున్నాయి, గాలుంది. సముద్రం తన ఊపిరి తనే తీసుకుంటుంది. ఇక్కడ నిలవ నీళ్ళు. పైకొచ్చాయని మురిసిన చేపలు పైకి పోవడానికొచ్చాయి.

“మావా!” దేవి అరిచింది. “నిలబడిపోనావేటి! తెడ్డు తియ్!”

తెడ్డు.

ఆ మాటతో ఎల్లారావుకి ప్రాణం లేచొచ్చింది. తెప్ప మీద చేపని వలలోకి తరమాలంటే ఏం చేస్తారు? చుట్టూ తిరుగుతూ తెడ్లతో నీళ్ళు బాదుతారు. తాత బాదాడు, తండ్రి బాదాడు, తను పాలపళ్ళ నాటి నుంచీ బాదాడు. ఇవాళ వల లేదు. బాదడం ఒక్కటే ఉంది.

తెప్ప నీళ్ళలోకి తోశాడు. దేవి కొంగు బిగించి రెండో తెడ్డు పట్టుకుని ఎక్కింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరువు మధ్య నుంచి మొదలుపెట్టి, గిర్రున తిరుగుతూ బాదారు. ప్రతి దెబ్బకీ నీళ్ళు తెల్లగా లేచి, నురగై, గాలి మింగి వెనక్కి పడుతున్నాయి. ఎల్లారావు నీళ్ళని కొడుతున్నాడో, తన్ను తాను కొట్టుకుంటున్నాడో చూసేవాళ్ళకి తెలియడం లేదు.

“ఆగకు మావా!”

“నువ్వాగకు!”

గట్టు మీద బకెట్లు లేస్తున్నాయి, పడుతున్నాయి. వాకింగు బూట్లు బురదలో ఉన్నాయి. పోతమ్మ మోకాల్లోతు దిగి ఇత్తడి బిందెతో తోడి తోడి పోస్తోంది.

ఎంతసేపని ఎవరూ చూసుకోలేదు. మబ్బు పలచబడింది. కొండ వైపు నుంచి గాలి తిరిగి, నీటి మీద మొదటి ముడత పడింది. తెప్ప చుట్టూ ఉన్న నోళ్ళు ఒక్కొక్కటే మూసుకుని కిందకి దిగడం మొదలెట్టాయి. గట్టు వారన మాత్రం కొన్ని తెల్లటి పొట్టలు తేలి, ఇక దిగకుండా అలాగే ఉండిపోయాయి.

ఎల్లారావు తెడ్డు మీద తల ఆనించాడు. దేవి అతని వీపు మీద చెయ్యి వేసింది. తీసేసింది.

*

నిసార్ స్కూటరు వెనక అట్టపెట్టె కట్టుకుని వచ్చాడు. అందులో గాజు తొట్టెల్లో బుడగలు వదిలే బ్యాటరీ మరలు. చిటికెన వేలంత గొట్టాలు.

ఎల్లారావు చూశాడు. ఈ పరిస్థితిలో కూడా నోరు ఊరుకోలేదు. “బావా, ఇవి సెరువు ముక్కులో దూది పెట్టడానికి కూడా సాలవు.”

“కంగారులో చేతికందినవి తెచ్చాను బావా,” నిసార్ నీళ్ళ వైపు చూశాడు, తెప్ప వైపు చూశాడు. “తెడ్లతో కొట్టారా? నాకు తట్టలేదిది. దుకాణం మొత్తం తెచ్చినా ఇంత గాలి పట్టేది కాదు.”

ఈ మెచ్చుకోలు కోసమే వారమంతా కాచుకున్నాడు ఎల్లారావు. వచ్చాక పుచ్చుకోవడానికి మొహం చాల్లేదు.

నిసార్ మాత్రం వేళ్ళతో ఏదో లెక్క వేస్తున్నాడు. “ఒకటి అర్థం కావట్లేదు. నిండు సంచి పడ్డ చెరువులో చేపపిల్ల కూడా మిగలకూడదు. ఇన్నెలా మిగిలాయి?”

“నిండు సంచేటి! సగం సంచి తెచ్చి మాటాడకు! నీ పిసినారితనమే ఇయ్యాల సేపల్ని కాసినాది!”

“సగమా? మూతి కుట్టిన సంచి దింపాను బావా! అత్తని అడుగు!”

“నిండుగానే దింపినాడురా,” అంది పోతమ్మ. “నానే పట్టుకున్నాను.”

“నాను ఇప్పినప్పుడు సగమే ఉన్నాది!”

“అయితే మిగతాది నేను తిన్నానా?”

ఇద్దరు బావలూ ఒకరి మీదకి ఒకరు వచ్చేశారు. దేవీప్రసాద్ గారు మధ్యలో దూరారు. ఆ సందట్లో దేవి గదిలోకి వెళ్ళి, బియ్యం డబ్బా వెనక నుంచి ఒక రేకు డబ్బా తెచ్చి, అందరి మధ్యా గట్టు మీద పెట్టి మూత తీసింది.

నిండా నీలం. మైలుతుత్తం.

“సంచి వచ్చిన రోజే కుట్టు ఇప్పి, సగం తీసి దాసేసి, మల్లీ కుట్టేసినాను,” అంది నెమ్మదిగా. “తలకాయ రోజు మావ మొకం సూసినాను. ఏదో ఒకటి సేస్తాడని తెలుసు. తక్కువుంటే తక్కువ సెడగొడతాడని తీసినాను. మొత్తం తియ్యనందుకు నన్ను నాను తిట్టుకుంటన్నాను. ఆ రోజు సెబితే ఇంట్లో గొడవని నోరు మూసుకున్నాను. సేపలు నోళ్ళు తెరిసినాకైనా నాను తెరవాలి కదేటి.”

“నన్ను నమ్మలేదా?” అన్నాడు ఎల్లారావు.

“నిన్ను నమ్మినాను మావా. నీ కుళ్ళుని నమ్మలేదు.”

 ఎల్లారావు డబ్బాలోకి చూస్తూ కూర్చున్నాడు. అయితే సగం సంచి తెచ్చిన పిసినారి లేడు. ఒక మూలకే నాచు పోవడం వింతన్నవాడి మాటలో అసూయా లేదు. ఉన్నదంతా ఒకటే చోట ఉంది. సరిగ్గా అతను కూర్చున్న చోట.

“మొత్తం ఏసింది నానే సార్,” అన్నాడు తలెత్తకుండా. “పేరు కోసం ఏసినాను.”

పోతమ్మ వచ్చి కొడుకు పక్కన కూలబడింది.

“ఆ తలకాయ కోసం కదరా ఇదంతా? ఇనండర్రా, అందరూ ఇనండి. మీ అయ్య పరాయోణ్ణి బోటెక్కించుకున్నప్పుడల్లా మొదటి తలకాయ ఆడికే పెట్టేవోడు. ఆ తలకాయ తిన్నోడు, వేట సెడినా సెయ్యొదిలి పోకూడదు. అది మన లెక్క. నువ్వప్పటికి సిన్నగుంటడివి, నీకు గేపకం లేదు. నిసార్ బాబు రేపు దుకాణం పని పడి మానేస్తే మనకెవడు దిక్కని ఆడికి ముడెట్టినాను. నువ్వు నా కడుపున పుట్టినోడివి. నిన్ను ముడెట్టీదేటి?”

నిసార్ ఉలిక్కిపడ్డాడు. “అత్తా! అంటే ఆ తలకాయ ప్రేమగా పెట్టలేదా? నేనింటికెళ్ళి మా జైనబ్‌కి ఎంత గొప్పగా చెప్పుకున్నానో!”

ఇప్పుడు అతని మొహం ఎల్లారావు మొహంలా అయింది.

*

మీటింగు గదిలో కాక గట్టు మీదే జరిగింది. చచ్చిన చేపల్ని దూరంగా గొయ్యి తీసి పూడ్చాక, దేవీప్రసాద్ గారు బురద చేతులతోనే లేచి నిలబడ్డారు.

“చెరువు ఎవరికప్పజెప్పాలి అన్నది ప్రశ్న. ఎల్లారావుకి నీళ్ళు కొట్టడం వచ్చు, ఆగడం రాదు. నిసార్‌కి ఆగడం వచ్చు, అందుబాటులో ఉండడం రాదు. మందు చూసి సగం దాచినవాళ్ళు ఒకరున్నారు. నేను దేవి పేరు చెబుతున్నాను.”

చేతులన్నీ లేచాయి. బావలిద్దరి చేతులూ కాస్త ఆలస్యంగా లేచాయి.

మధ్యాహ్నం గదిలో మూడు పళ్ళేలు. కోనాం కూర ఘుమఘుమలాడుతోంది. పోతమ్మ గరిటె ఎత్తింది. తలకాయ గాల్లో ఊగింది. ఎల్లారావు చూశాడు. నిసార్ చూశాడు. ఇద్దరి పళ్ళేలూ వాటంతటవే అంగుళం ముందుకి జరిగాయి.

తలకాయ వాళ్ళిద్దర్నీ దాటి, దేవి పళ్ళెంలో దిగింది.

దేవి దాన్ని ముట్టుకోలేదు.

“అత్తా, ఇది ముద్దుకా, ముడికా?”

పోతమ్మ గరిటె కిందికి దించి, తేల్చుకోలేక నవ్వింది. దేవి నవ్వలేదు. మొగుడి వైపు తిరిగింది.

“ముడికే అయితే ఇప్పుడే సెప్పేస్తన్నాను మావా. రేపు వేట తెరుత్తారు. నువ్వు బోటెక్కి ఎల్లిపోతావు. నాను పేటకి రాను. ముడి పడినది ఈ సెరువుకాడ, ఈడే ఉంటాను.”

ఎల్లారావు నోట్లో ముద్ద ఆగిపోయింది. కిటికీలోంచి చెరువు తేటగా మెరుస్తోంది. అందులోంచి పోయిన పచ్చదనమంతా, పాత కుళ్ళుతో కలిసి అతని మొహం మీద తేలుతోంది.